గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నా మనకెందుకు తెలియదు?

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న: "భూమి గంటకు వెయ్యి మైళ్ల వేగంతో తిరుగుతోందని తొమ్మిదో తరగతి చదివే మా బాబు చెబుతున్నాడు. రంగులరాట్నం నాలుగు చుట్లు తిరిగితేనే మనకు కళ్లు తిరుగుతాయి. మరి భూమి తిరిగేది ఎందుకు తెలియదు? గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది కాబట్టి అని వాళ్ల సార్ చెప్పారట. అది సరైన జవాబేనా? స్కూల్లో వైజ్ఞానిక ప్రదర్శనకు దీని మీద ఏమైనా చేసి చూపించవచ్చా?"

సూటిగా చెప్పేస్తాను. మన ఒంటికి వేగం తెలియదండీ, వేగంలో మార్పు మాత్రమే తెలుస్తుంది. మార్పు అంటే వేగం పెరగడం, తగ్గడం, లేదా దిశ మళ్లడం. భూమి మీద నిలబడ్డ మనిషి వేగం పెరగదు, తగ్గదు. దిశ మాత్రం మళ్లుతూనే ఉంటుంది గానీ, గోడ గడియారంలో గంటల ముల్లు తిరిగే జోరులో అది సగమే. గంటల ముల్లు గంటకు 30 డిగ్రీలు తిరిగితే భూమి తిరిగేది 15 డిగ్రీలు. ఇక సార్ చెప్పింది వేరే ప్రశ్నకు జవాబు. మనం ఎగిరిపోకుండా ఎందుకున్నామో గురుత్వాకర్షణ చెబుతుంది. తిరగడం ఎందుకు తెలియట్లేదో దాంతో తేలదు.

ముందు అంకెలు సరిచూసుకుందాం. వెయ్యి మైళ్లు అనేది భూమధ్యరేఖ దగ్గరి లెక్క. అక్కడ సెకనుకు 465 మీటర్లు, అంటే గంటకు 1,674 కి.మీ. ఉత్తరానికి వచ్చేకొద్దీ అక్షాంశం కొసైన్ మేరకు అది తగ్గుతుంది. విజయవాడ 16.5 డిగ్రీల దగ్గర ఉంది, గుంటూరు 16.3. రెండింటికీ కొసైన్ 0.96 దగ్గరే. బెజవాడలో నిలబడ్డవాళ్లు సెకనుకు 446 మీటర్లు, గంటకు దాదాపు 1,605 కి.మీ. చొప్పున తూర్పుకు పోతున్నారు. గుంటూరు వాళ్లది ఇంకో రెండు కి.మీ. ఎక్కువ.

ఇప్పుడు రంగులరాట్నం. ఎగ్జిబిషన్‌లో ఉండే గుర్రాల రాట్నం 4 మీటర్ల వ్యాసార్ధంతో నిమిషానికి 6 చుట్లు తిరుగుతోందనుకోండి. గుర్రం మీద కూర్చున్నవాడి వేగం గంటకు 9 కి.మీ., సైకిల్ కన్నా తక్కువ. అయినా బయటికి తోసేసినట్టు ఎందుకుంటుంది? ప్రతి పది సెకన్లకు అతని దిశ ఒక పూర్తి చుట్టు మారిపోతోంది. అక్కడి అభికేంద్ర త్వరణం, అంటే దిశ మళ్లడం వల్ల కేంద్రం వైపు వచ్చే వేగం మార్పు, 1.6 మీ/సె² దాకా ఉంటుంది, గురుత్వ త్వరణంలో ఆరో వంతు. అదే భూమి సంగతి చూడండి. విజయవాడ నుంచి భూ అక్షానికి ఉన్న దూరం 6,115 కి.మీ. ఆ వలయంలో రోజుకు ఒక్క చుట్టు. త్వరణం లెక్కగడితే 0.0325 మీ/సె² వస్తుంది, రాట్నంలో దాదాపు యాభయ్యో వంతు. ఇంకోలా చెప్పాలంటే, ఒక సెకనులో 446 మీటర్లు ముందుకు పోతాం, ఆ దారి తిన్నని గీత నుంచి పక్కకు వంగేది 1.6 సెంటీమీటర్లు. హైవే మీద అర కిలోమీటరుకు ఒకటిన్నర సెంటీమీటరు వంపు ఉంటే స్టీరింగు పట్టుకున్నవాడికి కూడా అది వంపని తెలియదు.

పైగా ఆ కాస్త త్వరణం కూడా ఉండి ఉండి వచ్చేది కాదు. పుట్టినప్పటి నుంచి ఒకే తీరుగా ఉంది. కాబట్టి అది మనం "కిందికి" అనుకునే దిశలోనే కలిసిపోయింది. తాపీమేస్త్రీ వేలాడదీసే గుండు అచ్చంగా భూమి ఆకర్షణ దిశలో వేలాడదు. బెజవాడలో 10 మీటర్ల దారానికి సుమారు 9 మిల్లీమీటర్లు దక్షిణానికి జరిగి నిలుస్తుంది. గోడలు కట్టింది ఆ గుండును బట్టే, రసమట్టం చూపించే మట్టం కూడా అదే, చెరువులో నీళ్లు నిలిచేదీ దానికి తగ్గట్టే. పోల్చుకోవడానికి వేరే నిలువు, వేరే మట్టం మనకు లేవు.

చెవి లోపల ఏం జరుగుతుందంటే. తిరగడాన్ని పసిగట్టేవి లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార కుల్యలు, అంటే వంపు తిరిగిన సన్నని గొట్టాలు. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలుపెట్టగానే గొట్టం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ తేడాకు లోపలి సన్నని వెంట్రుకల కణాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి. అదే వేగంతో 20, 30 సెకన్లు తిరిగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. తేడా పోయింది, కబురూ ఆగిపోయింది. భూమి 24 గంటలూ ఒకే తీరుగా తిరుగుతోంది కాబట్టి ఈ ఒక్క కారణం చాలు. అది చాలదన్నట్టు, తిరిగే జోరు సెకనుకు ఒక డిగ్రీ దరిదాపుల్లోకి వస్తేగానీ మామూలు మనిషికి తిరుగుతున్నట్టు అనిపించదు. భూమి సెకనుకు తిరిగేది 0.004 డిగ్రీలు.

మరి గాలి కొట్టాలి కదా అని చాలామంది అడుగుతారు. వారధి మీద బండి తోలుతుంటే మొహాన కొట్టే గాలి వల్లే మనకు వేగం తెలుస్తుంది, నిజమే. కానీ గాలి కూడా భూమితో పాటే సెకనుకు 446 మీటర్లు తూర్పుకు పోతోంది. మనం గాలి అని పిలిచేది ఆ రెండింటి మధ్య మిగిలే కొద్దిపాటి తేడాని. ఏసీ బస్సులో అద్దాలు మూసుకుని కూర్చున్నట్టే ఇదీ. కాజ టోల్‌గేట్ దగ్గర డ్రైవరు బ్రేకు వేసేదాకా లోపల నీళ్ల సీసా కూడా కదలదు. బ్రేకు వేస్తే మాత్రం అందరూ ముందుకు తూలుతారు. భూమికి బ్రేకు లేదు. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు దాన్ని నెమ్మదింపజేస్తున్నా, రోజు పొడవు శతాబ్దానికి పెరిగేది రెండు మిల్లీసెకన్ల లోపే.

గెంతితే కింద నేల జరిగిపోవాలి కదా అనే సందేహం చాలా పాతది. 30 సెంటీమీటర్లు పైకి గెంతితే గాల్లో ఉండేది అర సెకను. ఆ అర సెకనులో గది 220 మీటర్లు తూర్పుకు పోతుంది. గెంతిన మనిషి కూడా అంతే దూరం పోతాడు, ఎందుకంటే కాళ్లు నేల వదిలినంత మాత్రాన ఉన్న వేగం ఎక్కడికీ పోదు. దీన్నే జడత్వం అంటాం. 499లో ఆర్యభటుడు భూమే తిరుగుతోందని రాస్తూ పడవ ఉదాహరణ ఇచ్చాడు. పడవలో ముందుకు పోయేవాడికి గట్టున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, నక్షత్రాలు కూడా పడమటికి పోతున్నట్టు అలాగే కనిపిస్తాయన్నాడు. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవలో పోయేటప్పుడు, బ్యారేజీ వెనక నీళ్లు నిలకడగా ఉంటాయి కాబట్టి, ఇంజను ఆపిన కాసేపు ఇది బాగా తెలుస్తుంది. ఆయన ఇచ్చిన లెక్క కూడా చూడదగ్గది. 43,20,000 ఏళ్లలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందన్నాడు. భాగించి చూస్తే ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, ఇప్పుడు మనం వాడే విలువే. తర్వాత వరాహమిహిరుడు దీన్ని ఒప్పుకోలేదు. భూమి తిరిగితే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు గూళ్లకు తిరిగి రాలేవు కదా అన్నది ఆయన అభ్యంతరం. పక్షికి కూడా చెట్టు వేగం ముందే ఉందన్నది, గాలి కూడా తోడుగా వస్తుందన్నది అప్పటికి తేలలేదు. మీ బాబు ఇదే ప్రశ్న అడిగితే నవ్వకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పది అంతస్తుల అపార్ట్‌మెంట్ పైనుంచి, అంటే 30 మీటర్ల ఎత్తు నుంచి, గాలి లేనప్పుడు గోళీ వదిలితే అది పడమరగా పడదు సరికదా, 3.5 మిల్లీమీటర్లు తూర్పుకు పడుతుంది. పై అంతస్తు అక్షానికి ఇంకాస్త దూరం కాబట్టి కింది నేలకన్నా రవ్వంత ఎక్కువ వేగంతో పోతోంది, గోళీ ఆ వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది. దీన్ని ప్రదర్శనలో చూపించాలని మాత్రం అనుకోవద్దు. చేయి వదిలేటప్పుడు వచ్చే వణుకే అంతకు పదింతలు ఉంటుంది.

ఒంటికి తెలియకపోయినా తూకానికి తెలుస్తుంది. భ్రమణం వల్ల బెజవాడ, గుంటూరుల్లో వస్తువు బరువు 0.32 శాతం తగ్గుతుంది. మిర్చి యార్డులో 45 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) ఉందనుకుంటే, భూమి తిరగడం ఆగిపోతే అది 140 గ్రాములు ఎక్కువ తూగాలి. రైతుకు నష్టమేమీ లేదు లెండి. కాటాను ఇక్కడే ప్రామాణిక తూకపు రాళ్లు పెట్టి సరిచేసి ముద్ర వేస్తారు, ఆ రాళ్లకూ అదే తగ్గుదల ఉంటుంది. లోలకం గడియారాలకు మాత్రం ఈ తప్పించుకునే దారి లేదు. 1672లో ఝాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్ నుంచి భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్‌కు గడియారం తీసుకెళితే అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ గురుత్వం తక్కువ. అందులో ఎక్కువ భాగం భ్రమణం వల్ల, మిగతాది భూమి నడుము దగ్గర ఉబ్బి ఉండటం వల్ల.

శ్రీహరికోట నుంచి తూర్పుకు రాకెట్ వదిలితే ఊరికే దొరికే వేగం సెకనుకు 450 మీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవడానికి సెకనుకు 7.8 కి.మీ. కావాలి కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎప్పుడూ అపసవ్య దిశలోనే తిరగడానికి కారణం కూడా భ్రమణమే. సింకులో నీళ్లు సుడి తిరగడాన్ని దీనికి ముడిపెట్టే వీడియోలు నమ్మకండి. అంత చిన్న తొట్టిలో గిన్నె ఆకారం, నీళ్లు పోసిన తీరు తప్ప భూమి మాట చెల్లదు.

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కి.మీ. వేగంతో పోతోంది కదా, అదెందుకు తెలియదని అనుబంధ ప్రశ్న ఎలాగూ వస్తుంది. అది ఇంకో రకం. సూర్యుడి ఆకర్షణ మనల్నీ, మన కాళ్ల కింది నేలనూ ఒకే తీరుగా లాగుతోంది, ఒకదాన్నొకటి నొక్కడానికి ఏమీ మిగలదు. కక్ష్యలో వ్యోమగామి తేలినట్టే భూమి అంతా సూర్యుడి చుట్టూ తేలుతోంది.

ఇక ప్రదర్శన సంగతి. మూడు రకాలుగా చేయొచ్చు, ఖర్చూ కష్టమూ పెరిగే వరసలో చెబుతాను.

తిరిగే కుర్చీ. "ఎందుకు తెలియదు" అన్న మీ ప్రశ్నకు ఇదే అసలైన ప్రయోగం. బేరింగు సాఫీగా ఉన్న ఆఫీసు కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి కళ్లకు గంతలు కట్టండి. కాళ్లు నేలకు తగలకూడదు. తిరుగుతున్నట్టు అనిపించిన వైపు బొటనవేలు చూపిస్తూ ఉండమనండి. ఆరు సెకన్లకు ఒక చుట్టు చొప్పున, కుదుపు లేకుండా, అదే వేగంతో తిప్పండి. అర నిమిషం దాటేసరికి బొటనవేలు దిగిపోతుంది. కుర్చీ తిరుగుతూనే ఉంటుంది, అతను మాత్రం ఆగిపోయిందంటాడు. అప్పుడు కుర్చీని మెల్లగా ఆపితే వేలు ఎదురు దిశలో లేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడకూడదు, ఫ్యాను ఆపాలి, లేకపోతే శబ్దాన్నీ గాలినీ బట్టి కనిపెట్టేస్తారు. అయ్యాక రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవనివ్వండి. ముందే తలతిరుగుడు ఉన్నవాళ్లను, కడుపునిండా తిని వచ్చినవాళ్లను కూర్చోబెట్టొద్దు.

అద్దం. ఒక సెంటీమీటరు చదరపు అద్దం ముక్క ఎండలో కదలకుండా బిగించి, ఆ వెలుగును 10 మీటర్ల దూరంలో చీకటి గది గోడ మీద పడేలా పెట్టండి. అద్దం చదరంగా ఉన్నా గోడ మీద పడేది గుండ్రటి మచ్చ, 9 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. అది సూర్యబింబమే. అంచు చుట్టూ పెన్సిలుతో గీయండి. మచ్చ నిమిషానికి 4 సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ సుమారు రెండున్నర నిమిషాల్లో గీసిన వలయం దాటిపోతుంది. కళ్ల ముందే కదులుతుంటే పిల్లలు భలే ఆశ్చర్యపోతారు. అద్దంలోకి గానీ సూర్యుడి వైపు గానీ ఎవరూ చూడకుండా కాపలా ఉండాలి. ఒక మినహాయింపు కూడా చార్టు మీద రాయండి: కదిలేది భూమా, సూర్యుడా అన్నది ఈ ప్రయోగంతో తేలదు.

లోలకం. అది తేల్చేది ఫూకో లోలకం. 1851లో పారిస్‌లోని పాంథియన్ భవనంలో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో చూపించాడు. ఊగే తలం అలాగే ఉంటుంది, కింద నేల తిరుగుతుంది, చూసేవాళ్లకు లోలకమే సవ్య దిశలో జరిగినట్టు కనిపిస్తుంది. అయితే పుస్తకాల్లో ఉన్న పారిస్ అంకెను ఎత్తి రాయకండి. అక్కడ గంటకు 11 డిగ్రీలు, పూర్తి చుట్టుకు దాదాపు 32 గంటలు. తిరిగే జోరు అక్షాంశం సైన్‌ను బట్టి ఉంటుంది. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో వేలాడుతున్న లోలకానికి దాదాపు 50 గంటలు పడుతుంది. బెజవాడలో గంటకు 4.27 డిగ్రీలు, చుట్టుకు 84 గంటలు. గుంటూరులో 4.22. మన దగ్గర రావాల్సిందే ఇంత తక్కువ కాబట్టి చిన్న తప్పు కూడా దాన్ని మింగేస్తుంది.

అందుకే పొడవులో రాజీ పడొద్దు. మూడంతస్తుల స్కూలైతే మెట్ల మధ్య ఖాళీలో 8 మీటర్లు దొరుకుతుంది. 0.8 మి.మీ. మందం స్టీలు పియానో తీగ, ఎక్కడా మడత పడని ఒకే ముక్క కావాలి. మోటారు వైండింగ్ రాగి తీగ వద్దు, సాగుతుంది. గుండు 10 కిలోల ఇనుము, 13.5 సెంటీమీటర్ల వ్యాసం. ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించుకోవచ్చు. రంధ్రం సరిగ్గా నడిమధ్య నుంచి పోవాలని మరీ మరీ చెప్పండి. బడ్జెట్ లేకపోతే 7.26 కిలోల షాట్‌పుట్ గుండు వాడొచ్చు, కాకపోతే లోపల సీసం పోసిన రకం రంధ్రం వేస్తే బరువు ఒక పక్కకు పోతుంది. పైన కొక్కేనికి తీగ మెలేసి కట్టారంటే అక్కడే పని చెడుతుంది, ఎందుకంటే ఒక వైపు ఊగినప్పుడు తీగ వంగే చోటు, అడ్డంగా ఊగినప్పుడు వంగే చోటు వేరవుతాయి. డ్రిల్లింగ్ మిషన్ చక్ (డ్రిల్ బిట్‌ను పట్టి ఉంచే భాగం) ఒకటి తలకిందులుగా 10 మి.మీ. ఇనుప ప్లేటుకు బిగించి, ప్లేటును నాలుగు యాంకర్ బోల్టులతో స్లాబుకు పట్టించి, చక్ మూడు దవడల మధ్య తీగను బిగించండి. తీగ అన్ని వైపులా ఒకేలా వంగుతుంది. గుండు కింద చిన్న సూది, నేల మీద డిగ్రీలు గీసిన చార్టు, చుట్టూ పిల్లలు రాకుండా తాడు.

వదలడం చేత్తో వద్దు. గుండును అర మీటరు పక్కకు లాగి నూలు దారంతో గోడకు కట్టి, పావుగంట అలా వదిలేసి, వణుకంతా పోయాక దారాన్ని అగ్గిపుల్లతో కాల్చండి. చేత్తో వదిలితే గుండు ముందుకూ వెనక్కూ ఊగే బదులు సన్నని కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. ఆ ఆకారం అడ్డంగా 5 మిల్లీమీటర్లు విచ్చుకున్నా చాలు, 8 మీటర్ల లోలకం దానంతట అదే గంటకు 3.3 డిగ్రీలు జరిగిపోతుంది. భూమి వల్ల వచ్చే 4.27తో పోలిస్తే ఇది ఎంతో చూడండి. అదే 2 మీటర్ల లోలకంలో, 20 సెంటీమీటర్లు ఊపితే, ఆ 5 మిల్లీమీటర్ల తప్పు గంటకు 43 డిగ్రీలు చేస్తుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న స్టాండు లోలకాలు భూభ్రమణం చూపిస్తాయని అమ్మేవాళ్ల మాట అందుకే నమ్మొద్దు. ఫ్యాన్లు ఆపాలి, కిటికీలు మూయాలి. వేసవిలో బెజవాడలో ఇది శిక్షే గానీ తప్పదు, ప్రదర్శన డిసెంబరులో పెట్టించుకోండి.

మొదటి గంటలో ఊపు చివర జరిగేది 3.7 సెంటీమీటర్లు మాత్రమే. ఊపు క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి సెంటీమీటర్లు కాకుండా కోణం రాసుకోండి, పది నిమిషాలకోసారి. ఒకసారి ఉత్తర దక్షిణాలుగా వదిలి, మళ్లీ తూర్పు పడమరలుగా వదిలి రెండు లెక్కలూ విడిగా రాయండి. రెండూ 3.5, 5 డిగ్రీల మధ్య వస్తే మీ పట్టు బాగున్నట్టే, సగటు తీసి 4.22 పక్కన పెట్టి చూపించండి. ఒకటి 8, ఇంకోటి సున్నా వస్తే తప్పు చక్ దగ్గరే ఉంటుంది. తీగ విప్పి, దవడలు శుభ్రంగా తుడిచి, చక్‌ను పావు చుట్టు తిప్పి బిగించి మళ్లీ మొదలుపెట్టండి.